నీడలో నలుపెందుకు?



కిటికీ పక్కన బల్లమీద ఒక బంగినపల్లి పండు ఉందనుకోండి. బాగా మాగిన పండు. దాన్ని నూనెరంగుల్లో వెయ్యాలి. పసుపు ట్యూబు పిండుతాం. పండు గీసినంతమేరా పసుపు పూస్తాం. అది ఇంకా పండు కాలేదు. ఒట్టి పసుపు మచ్చ. గుండ్రంగా కనిపించాలంటే ఒక పక్క నీడ పెట్టాలి. నీడంటే చీకటి కదా, చీకటంటే నలుపు కదా అనుకుంటాం. పసుపులో చిటికెడు నలుపు కలుపుతాం.

ఏమవుతుందో తెలుసా? ఆకుపచ్చ అవుతుంది. పసుపులో నలుపు పడితే ముదురు పసుపు రాదు. పాచిరంగు వస్తుంది. దాన్ని తీసుకెళ్ళి నీడవైపు పూస్తే, ఒక పక్క మాగిన పండు, ఇంకో పక్క పచ్చికాయ. నమ్మకం కుదరకపోతే పిల్లల నీటిరంగుల పెట్టె తీసి ఇప్పుడే కలిపి చూడండి. అందులోనూ అంతే.

మరి నీడవైపు ఏ రంగు వెయ్యాలి? పండును మళ్ళీ చూద్దాం. వెలుగు నేరుగా పడ్డచోట పసుపు తెల్లబారి ఉంటుంది. కాస్త పక్కకు జరిగితే అసలు పసుపు. ఇంకాస్త మళ్ళితే నారింజవైపు దిగుతుంది. ఆ తర్వాత ఇటుకరంగు కలిసిన మట్టిరంగు. అట్టడుగున బల్ల రంగు కూడా వచ్చి అంటుకుంటుంది. పండు మన కంటి నుంచి అవతలికి ఒంగుతున్నకొద్దీ వెలుగు తగ్గుతోంది, నిజమే. వెలుగుతోపాటు రంగు కూడా మారుతోంది. ఈ రెండో సంగతే మనం మరిచిపోతాం. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ముక్కే. రూపం మలుపు తిరిగిన చోట రంగు కూడా మలుపు తిరగాలి.

పండు దగ్గర ఈ మాట వెంటనే ఒప్పుకుంటాం. మనిషి దగ్గరికి వచ్చేసరికి ఒప్పుకోం. మనిషి ఒంటికి ఒకే రంగు ఉంటుందని మన గట్టి నమ్మకం. పెళ్ళిసంబంధాల మాటల్లో చూడండి, పిల్ల తెలుపా, చామనఛాయా అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. అదే అలవాటు కాన్వాసు దగ్గరికీ వస్తుంది. ‘స్కిన్ కలర్’ అని ఒక ముద్ద కలిపి పెట్టుకుంటారు. వెలుగు కావాలంటే అందులో తెలుపు. నీడ కావాలంటే అందులో నలుపు. నుదురు, ముక్కు, మెడ, భుజం, అన్నిటికీ ఆ ముద్దే. కొలతలు కుదురుతాయి. పోలిక కూడా రావచ్చు. ఆ మనిషి ఒంట్లో నెత్తురు మాత్రం ఉండదు. అది రంగు పూసిన బొగ్గుబొమ్మ, అంతే.

ఇప్పుడు ఒక చిన్న పని చేద్దాం. వింటూనే చెయ్యొచ్చు. ఎడమచేతి పిడికిలి వదులుగా ముడవండి. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళండి. రాత్రిపూట వింటున్నవాళ్ళు దీపం పక్కకు వెళ్ళండి. కింద ఒక తెల్లకాగితం పరిచి, పిడికిలి దానిమీద ఆనించండి. ముందు వేళ్ళ కణుపులు చూడండి. అక్కడ ఎరుపు కాస్త ఎక్కువగా ఉందా? చేతి వెనకభాగం చూడండి. అక్కడ అంత ఎరుపు లేదు. వెలుగు తగిలిన చర్మం మీద చిన్న మెరుపు ఉంటుంది. ఆ మెరుపుది చర్మపు రంగు కాదు, కిటికీలోంచి వచ్చిన ఆకాశం రంగు. కొంచెం నీలం. దీపం దగ్గరైతే దీపం రంగు.

ఇక పిడికిలి అడుగుభాగం చూడండి. అది నీడ. కానీ నల్లగా ఉందా? లేదు. కాగితం మీద పడ్డ వెలుగు ఎగిరి వచ్చి ఆ నీడను వెలిగిస్తోంది. ఇప్పుడు కాగితం తీసేసి ఎర్ర తువాలు పెట్టండి. అడుగుభాగం ఎర్రబారుతుంది. పసుపు గుడ్డ పెడితే పసుపు వస్తుంది. చెయ్యి మీదే. నీడ కూడా మీ చేతిదే. నీడ రంగు మాత్రం తువాలుది.

ఇలా ఎందుకు జరుగుతుంది? వెలుగు చర్మం మీద పడగానే అంతా పైపైనే తిరిగిపోదు. కొంత లోపలికి దిగుతుంది. నెత్తురును తాకి, ఆ ఎరుపు పులుముకుని బయటికి వస్తుంది. ఎండలో నిలబడ్డ పిల్లాడి చెవిని వెనకనుంచి ఎండ తాకినప్పుడు చూడండి. చెవి నిప్పుకణికలా వెలుగుతుంది. ఒంట్లో చర్మం పలచగా, నెత్తురు దగ్గరగా ఉన్నచోటల్లా ఈ ఎరుపు తొంగిచూస్తుంది. ముక్కు కొన, చెవులు, చెంపలు, వేళ్ళ కణుపులు, మడమలు. నుదుటి దగ్గర ఎముక మీద చర్మం బిగిసి ఉంటుంది. అక్కడ పసుపు ఎక్కువ. మగవాళ్ళ గడ్డం గీసుకున్న చోట చర్మం కింద వెంట్రుక మొదళ్ళు ఉంటాయి కాబట్టి బూడిదనీలం వస్తుంది. ఒక్క ముఖంలోనే నుదురు పసుపువైపు, మధ్యభాగం ఎరుపువైపు, గడ్డం నీలివైపు. వెలుగునీడల సంగతి ఇంకా మొదలే కాలేదు.

ఇక వెచ్చని రంగు, చల్లని రంగు అనే మాట. బొమ్మలు వేసేవాళ్ళ నోట ఎప్పుడూ వినిపిస్తుంది. ఎరుపు, నారింజ, పసుపు వెచ్చనివి. నీలం, నీలివైపు వాలిన ఆకుపచ్చ, నీలివైపు వాలిన ఊదా చల్లనివి. ఉత్తరపు కిటికీ దగ్గర మనిషిని కూర్చోబెడితే, వచ్చేది ఆకాశపు వెలుగు. అది చల్లని వెలుగు. అప్పుడు వెలుగువైపు చల్లగా, నీడవైపు వెచ్చగా కనిపిస్తుంది. అదే మనిషిని సాయంత్రం పాతకాలపు పసుపు బల్బు కింద కూర్చోబెట్టండి. వెలుగువైపు వెచ్చన, నీడ చల్లన. ఇది ప్రతిచోటా గీసిన గీతలా ఉండదు. గదిలో రెండు కిటికీలుంటే లెక్క మారిపోతుంది. అందుకే నేర్చుకునేటప్పుడు ఒక్క కిటికీయే తెరవండి. మిగతావి మూసెయ్యండి. ట్యూబులైటు ఆర్పెయ్యండి.

ఇప్పుడు మన ఒంటిరంగు దగ్గరికి వద్దాం. నూనెరంగుల పద్ధతి యూరప్ నుంచి వచ్చింది. పుస్తకాలూ అక్కడివే. వాటిలో చెప్పిన చర్మం గులాబీరంగు చర్మం. తెలుపు ఎక్కువ తీసుకో, కొంచెం ఎరుపు, కొంచెం పసుపు అని మొదలవుతాయి. మన చామనఛాయకు ఆ లెక్క పనికిరాదు. ఎందుకో చెబుతాను.

లేతరంగు చర్మం మీద వెలుగు నుంచి నీడకు దిగడానికి చాలా మెట్లున్నాయి. తెలుపుకు దగ్గర నుంచి నలుపుకు దగ్గర దాకా. ముదురు గోధుమరంగు చర్మం మొదలయ్యేదే సగం మెట్లు దిగాక. ఇంక నలుపు కలుపుతూ పోతే రెండు అడుగుల్లో అట్టడుగుకు చేరిపోతాం. బుగ్గ తిరిగే చోటు, దవడ కిందికి వెళ్ళే చోటు, మెడ, అన్నీ ఒకే నల్లమడుగులో మునిగిపోతాయి. పైవైపు వెళ్దామని తెలుపు కలిపితే ఇంకా అన్యాయం. తెలుపు రంగును లేతగా మార్చడమే కాదు, చల్లగా కూడా చేస్తుంది. గోధుమరంగులో ఒట్టి తెలుపు కలిపితే ముఖానికి బూడిద రాసినట్టు అవుతుంది. చాలామంది వేసిన పల్లెటూరి రైతుల ముఖాల్లో ఈ బూడిద నేను చూశాను. ఎండలో పనిచేసే మనిషి ముఖం అలా ఉండదు.

మరి దారేమిటి? మెట్లు తక్కువైనప్పుడు రంగు మార్చడానికి చోటు ఎక్కువ. చామనఛాయ ముఖాన్ని కిటికీ దగ్గర చూడండి. నుదుటి మీద, చెంప ఎముక మీద మెరుపు నీలిబూడిదగా ఉంటుంది. కొందరిలో లేత ఊదా. దాని పక్కనే వెలుగులో ఉన్న చర్మం ఇటుక కలిసిన పసుపు. అది నీడలోకి మళ్ళే సన్నని పట్టీలో కొంచెం ఆకుపచ్చ కనిపిస్తుంది. నీడ లోపల ముదురు ఎర్రమట్టి. దవడ కింద చీర నుంచో చొక్కా నుంచో వచ్చిన వెలుగు. ఒక్క చెంపమీద ఇన్ని రంగులు. చీకటి వెలుగుల తేడా కొంచెమే. రంగుల తేడా చాలా. ముదురు చర్మం వెలుగు రంగును ఎంత స్పష్టంగా పట్టి చూపిస్తుందో, లేత చర్మం అంత స్పష్టంగా చూపించదు. నా మట్టుకు నాకు, నూనెరంగులకు చామనఛాయకన్నా మంచి సరుకు లేదు.

ముఖం దాటి ఒళ్ళంతా వేస్తున్నప్పుడు ఇంకొన్ని గమనించాలి. అరచేయి, అరికాలు మిగతా ఒంటికంటే లేత. గులాబీకీ నారింజకీ మధ్య ఉంటాయి. మోచేతులు, మోకాళ్ళు ముదురు. నేల కూడా ఒంటిమీదికి వస్తుంది. పాత ఇళ్ళలో ఎర్రగచ్చు ఉండేది. దానిమీద నిలబడ్డ మనిషి పిక్కల్లో, చేతుల కిందివైపు ఎరుపు పాకుతుంది. నల్ల కడపరాయి పరిచిన ఇంట్లో ఆ ఎరుపు ఉండదు, నీడలు చల్లగా, బరువుగా ఉంటాయి. తెల్లని మధుపర్కాలు కట్టుకున్న పెళ్ళికూతురి గడ్డం కింద ఎంత వెలుగుంటుందో ఈసారి పెళ్ళికి వెళ్ళినప్పుడు చూడండి. పసుపు రాసుకున్న పాదాల మీద నీడ ఏ రంగో కూడా చూడండి. నల్లగా మాత్రం ఉండదు.

మళ్ళీ చెబుతున్నాను. రూపం మలుపు తిరిగిన చోట రంగు కూడా మలుపు తిరగాలి.

ఈ సంగతి కొత్తది కాదు. 17వ శతాబ్దంలో రూబెన్స్ అనే యూరప్ చిత్రకారుడు మనిషి ఒళ్ళు వెయ్యడంలో మొనగాడు. ఆయన స్త్రీల చిత్రాల్లో వెలుగుకూ నీడకూ మధ్య నీలిబూడిద పట్టీ కనిపిస్తుంది. దానికోసం ప్రతిసారీ నీలం కలపక్కర్లేదు. గోధుమరంగు పూత మీద లేతరంగును పలచగా లాగితే చాలు. అడుగున ముదురు, పైన పలచని తెల్లపొర. కంటికి అది నీలంగా కనిపిస్తుంది. ముదురు రంగు గిన్నెలో నీళ్ళపాలు పోస్తే అంచు దగ్గర కనిపించే నీలం కూడా ఇదే. అంతకు ముందు ఇటలీ చిత్రకారులు ముఖానికి అడుగున ఆకుపచ్చ మట్టిరంగు పూసి, దానిమీద గులాబీరంగు వేసేవాళ్ళు. ఆ పాత చిత్రాలు కొన్నిటిలో పైరంగు అరిగిపోయి, దేవతల ముఖాలు ఆకుపచ్చగా తేలాయి.

తర్వాత ఒక విచిత్రం జరిగింది. పారిస్‌లో గోబెలిన్స్ అనే ప్రభుత్వ నేతశాల ఉంది. 1824లో షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అక్కడి అద్దకాల విభాగానికి అధికారిగా వచ్చాడు. నల్లదారం సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదులు. ఆయన అద్దకం పరీక్షించాడు. దారం బాగానే ఉంది. తప్పు పక్కనున్న రంగులది. నీలం, ఊదా దారాల పక్కన పడేసరికి నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. ఏ రంగైనా ఒంటరిగా ఉండదు, పక్కరంగును బట్టి మారుతుంది. దీని మీద ఆయన 1839లో పెద్ద గ్రంథం అచ్చువేశాడు. చిత్రకారులు దాన్ని పట్టుకున్నారు.

మనకు దీనితో పనేమిటంటే, చెంప రంగు, రంగులు కలిపే పలక మీద సరిపోయినంత మాత్రాన కాన్వాసు మీద సరిపోదు. తెల్లని ఖాళీ కాన్వాసు మధ్య చామనఛాయ వేస్తే అది నల్లగా కనిపిస్తుంది. కంగారుపడి తెలుపు కలుపుతాం. తీరా వెనకాల ముదురుపచ్చ తెర వేశాక ముఖం సుద్దముక్కలా తేలుతుంది. అందుకే ముందుగా కాన్వాసు మొత్తానికి టర్పెంటైన్లో పలచన చేసిన బర్న్ట్ సియెన్నా అనే మట్టిరంగు రాసుకోండి. వెనకనున్న తెర, కూర్చున్న కుర్చీ, కట్టుకున్న బట్ట, వీటి రంగులు ముఖంతోపాటే మొదటిరోజే పెట్టండి. ముఖం పూర్తిచేసి వెనకది తర్వాత చూద్దాం అనుకోవడం పెద్ద పొరపాటు.

ఈ దారిలో అందరికంటే దూరం వెళ్ళినవాడు సెజాన్. దక్షిణ ఫ్రాన్సులో ఎక్స్ అనే ఊరివాడు. 1839లో పుట్టి 1906లో పోయాడు. ఆయన వెలుగునీడలతో గుండ్రన చెయ్యడం దాదాపు మానేశాడు. చిన్న చిన్న రంగుపట్టీలు పక్కపక్కన పెట్టాడు. ఎర్ర చేతులకుర్చీలో కూర్చున్న తన భార్య చిత్రం ఒకటి 1877 ప్రాంతంలో వేశాడు. ఇప్పుడు బోస్టన్ మ్యూజియంలో ఉంది. ఆమె ముఖంలో ఆకుపచ్చ పట్టీలు స్పష్టంగా కనిపిస్తాయి. దగ్గర్నుంచి చూస్తే విడివిడి మచ్చలు. నాలుగడుగులు వెనక్కి వెళ్తే గట్టి తల, గట్టి చెంప.

1899లో సెజాన్ తన చిత్రాలు అమ్మే వర్తకుడు వొల్లార్ బొమ్మ వేశాడు. 115 సార్లు కూర్చోబెట్టాడని వొల్లారే రాసుకున్నాడు. అన్నిసార్లు కూర్చున్నా చేతిమీద రెండు చిన్నచోట్ల కాన్వాసు ఖాళీగానే మిగిలింది. అదేమిటని వొల్లార్ అడిగాడు. అక్కడ ఏదో ఒక రంగు పెట్టేస్తే, ఆ చోటు నుంచి మొదలుపెట్టి బొమ్మంతా మళ్ళీ వేసుకోవాల్సి వస్తుందన్న అర్థంలో సెజాన్ జవాబిచ్చాడట. పిచ్చిపట్టుదల అనిపిస్తుంది. కానీ ఆయన భయం సరైనదే. ఒక్క మచ్చ తప్పుపడితే దాని పక్కవన్నీ తప్పుతాయి.

మనమంతా సెజాన్‌లు కానక్కర్లేదు. అంత ఓపిక ఉన్న వొల్లార్ కూడా మనకు దొరకడు. ఇంట్లో అన్నయ్యనో పిన్నినో అరగంట కూర్చోబెట్టడమే కష్టం. అందుకని అమెరికాలో ఒక మాస్టారు పెట్టిన అభ్యాసం చెబుతాను. ఆయన పేరు చార్లెస్ హాథార్న్. 1899లో మసాచుసెట్స్‌లో సముద్రం ఒడ్డున ప్రావిన్స్‌టౌన్ అనే ఊళ్ళో బడి తెరిచాడు. మోడల్‌ను ఇసుకలో ఎండకు వీపుపెట్టి నిలబెట్టేవాడు. ముఖమంతా నీడలో ఉంటుంది. కళ్ళు, ముక్కు వివరాలేవీ కనిపించవు. విద్యార్థుల చేత బ్రష్షు మాన్పించి పుట్టీకత్తి పట్టించేవాడు. దానితో కనురెప్ప గియ్యలేరు. రంగుమచ్చ పక్కన రంగుమచ్చ పెట్టడం తప్ప వేరే గతి లేదు. ఆ బొమ్మలకు మట్టితలలని పేరు పడింది.

మన దగ్గర గోడలకు పుట్టీ పట్టే చిన్న రేకు హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. దాన్ని తీసుకోండి. సాయంకాలం మేడమీద ఎవరినైనా ఎండకు వీపుపెట్టి నిలబెట్టండి. ముఖం, మెడ, చొక్కా, వెనక ఆకాశం. ఒక్కోదానికి ఒక్కో మచ్చ. పోలిక అడగొద్దు. ముఖం నీడలో ఉందా, ఉంటే ఏ రంగు నీడ, అంతవరకే చూడండి. నాలుగైదు తలలు వేశాక బ్రష్షు పట్టినా చెయ్యి వేరేలా నడుస్తుంది.

మన దేశంలో నూనెరంగులంటే ముందు రవివర్మ పేరు చెబుతాం. 1868లో తిరువాన్కూరు కొలువుకు జెన్సన్ అనే యూరోపియన్ చిత్రకారుడు వచ్చాడు. రవివర్మకు నేర్పడానికి ఒప్పుకోలేదు, పక్కన నిలబడి చూడనిచ్చాడు. ఆ చూపుతోనే రవివర్మ చాలా పట్టుకున్నారు. మన ఇళ్ళలో లక్ష్మీ సరస్వతుల పటాలు చూసి ఆయన రంగును అంచనా వెయ్యకండి. అచ్చులో చర్మం ఒకే గులాబీముద్ద అవుతుంది. అసలు చిత్రం ముందు నిలబడాలి. మన రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీ ఉంది. ఆయన బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, 1925లో చిన్నవయసులోనే పోయారు. ఆయన బలం గీతలో ఉంది. రూపాన్ని గీత మోస్తుంది, రంగు దానికి తోడు. తోట వైకుంఠం గారి తెలంగాణ ఆడవాళ్ళలోనూ వెలుగునీడల పేచీ లేదు. ముదురు చర్మం, దానిమీద కుంకుమ ఎరుపు, తేటగా పరిచిన రంగు. అది ఇంకో దారి, చాలా గట్టి దారి. నేను చెప్పేదొక్కటే దారి అని మీరు అనుకోకూడదు కాబట్టి ఈ మాట అన్నాను.

మన ఒంటిరంగును రంగుతోనే కట్టిన చిత్రకారిణి కావాలంటే అమృతా షేర్‌గిల్. బుడాపెస్ట్‌లో 1913లో పుట్టింది. పారిస్‌లో చదువుకుంది. సెజాన్ చిత్రాలనూ, మరో ఫ్రెంచ్ చిత్రకారుడు గోగా చిత్రాలనూ అక్కడే చూసింది. దేశానికి తిరిగొచ్చాక 1935లో ముగ్గురు అమ్మాయిల చిత్రం వేసింది. అజంతా చూసి, దక్షిణాది తిరిగాక, 1937లో బ్రహ్మచారులు అనే చిత్రం వేసింది. ఆ రెండూ ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళామందిరంలో ఉన్నాయి. ఆ బ్రహ్మచారుల చిత్రం చూడండి. ఐదుగురు కుర్రవాళ్ళు. చొక్కాల్లేవు, తెల్లపంచెలు. ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో ఛాయ. భుజాల మీద తళతళలు లేవు, నల్లని నీడలూ లేవు. అయినా ఆ ఒళ్ళు బరువుగా, గుండ్రంగా కూర్చున్నాయి. వెనకనున్న ఎర్రదనం, పంచెల తెలుపు, వాటి మధ్య మట్టిరంగుల్లో చిన్న చిన్న తేడాలు. పని అంతా వాటిదే. ఢిల్లీ వెళ్ళినప్పుడు ఎర్రకోటకు ఒక పూట తగ్గించి అక్కడికి వెళ్ళండి.

ఇక సామాను. రాసుకోవాలనుకుంటే రాసుకోండి. టైటానియం వైట్. ఎల్లో ఆకర్. బర్న్ట్ సియెన్నా. అలిజరిన్ క్రిమ్సన్. అల్ట్రామెరీన్ బ్లూ. ఈ ఐదూ చాలు. నల్ల ట్యూబు కొనలేదని గమనించారు కదా. బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరీన్ కలిపితే నలుపుకు దగ్గరి ముదురు రంగు వస్తుంది. అందులో సియెన్నా పెంచితే వెచ్చని నీడ. నీలం పెంచితే చల్లని నీడ. ఒట్టి నల్లట్యూబుకు ఈ వెసులుబాటు లేదు.

ఇక్కడ మీలో ఎవరైనా నన్ను నిలదీయొచ్చు. స్వీడన్ చిత్రకారుడు జోర్న్ నల్లరంగు వాడాడు కదా అని. వాడాడు. తెలుపు, ఎల్లో ఆకర్, వెర్మిలియన్, ఐవరీ బ్లాక్. ఈ నాలుగు రంగుల పలకకు ఆయన పేరే పెట్టారు. అన్ని చిత్రాలూ వాటితోనే వేశాడని కాదు, కానీ వాటితో ఎంత చెయ్యొచ్చో చూపించాడు. కిటుకు ఏమిటంటే, ఆయన నలుపును చీకటి కోసం మాత్రమే వాడలేదు. నీలం కోసమూ వాడాడు. ఐవరీ బ్లాక్‌లో తెలుపు కలిపి, ఎరుపు పక్కన పెడితే నీలంగా కనిపిస్తుంది. షెవ్రల్ చెప్పింది ఇదే కదా. పసుపులో నలుపు కలిపితే ఆకుపచ్చ వస్తుందని మొదట్లో అన్నాను. జోర్న్‌కు ఆకుపచ్చ కావలసినప్పుడు వచ్చింది కూడా అలాగే. నలుపు మీద నాకు పగ లేదు. రంగు మారాల్సిన చోట ఆలోచించకుండా నలుపు కలపడం మీదే నా గొడవ.

వేసే వరస చెబుతాను. కళ్ళు సగం మూసి మనిషిని చూడండి. వివరాలు పోయి వెలుగు ఒక ముక్క, నీడ ఒక ముక్క అవుతుంది. ముందు నీడ పెట్టండి. పలచగా, అడుగురంగు కనిపించేలా. సియెన్నా, అలిజరిన్, చిటికెడు నీలం. తర్వాత వెలుగు. సియెన్నా, ఆకర్, కొంచెం తెలుపు. వెలుగును చిక్కగా వెయ్యండి. తెలుపు కలిపిన ప్రతిసారీ వెంట కొంచెం ఆకరో ఎరుపో పంపండి, బూడిద రాకుండా. ఈ రెంటి మధ్య, మలుపు దగ్గర, వేలితోనో బ్రష్షుతోనో రుద్ది కలిపెయ్యొద్దు. అందరికీ చెయ్యి దురద పెట్టేది అక్కడే. అక్కడ మూడో రంగు విడిగా కలిపి పెట్టండి. కొంచెం ఆకుపచ్చకో బూడిదనీలానికో వాలిన రంగు. ఆ మూడో రంగు సరిగ్గా పడితే చెంప దానంతటదే తిరుగుతుంది. మెరుపు ఆఖరున. ఒక్కసారి పెట్టి వదిలెయ్యండి.

రంగు ఏదో తేలక తికమక పడినప్పుడు ఒక ఉపాయం ఉంది. బూడిదరంగు అట్టముక్కకు శనగగింజంత కన్నం చెయ్యండి. ఒక కన్ను మూసి, ఆ కన్నంలోంచి మోడల్ నుదురు చూడండి. తర్వాత చెంప. తర్వాత గడ్డం కింద. కన్నంలోంచి చూస్తే అది నుదురు కాదు, చెంప కాదు. ఒట్టి రంగు. గడ్డం కింద చోటు ఇంత ఎర్రగా ఉందా అని ఆశ్చర్యపోతారు. అట్ట తీసేయగానే మళ్ళీ గడ్డం అయిపోతుంది, మెదడు ‘చామనఛాయ’ అని చెప్పేస్తుంది. అందుకే రంగు కలిపే ముందు ప్రతి పెద్ద మలుపు దగ్గరా అట్టలోంచి ఒకసారి చూడండి. రూపం మలుపు తిరిగిన చోట రంగు కూడా మలుపు తిరగాలి. ఎటు తిరిగిందో ఆ కన్నం చెబుతుంది.

కిటికీ వెలుగు గంటా గంటన్నరకు మారిపోతుంది. నీడ జరుగుతుంది, రంగూ జరుగుతుంది. పట్టుబట్టి కొనసాగిస్తే ఉదయం ముక్కు, మధ్యాహ్నం చెవి ఒకే ముఖంలో చేరతాయి. అక్కడితో ఆపండి. మర్నాడు అదే వేళకు, అదే చొక్కా వేయించి, అదే కుర్చీలో కూర్చోబెట్టండి. మొదటి పూతల్లో టర్పెంటైన్ ఎక్కువ, తర్వాతి పూతల్లో అవిసెనూనె ఎక్కువ ఉండేలా చూసుకోండి. తారుమారైతే బొమ్మ పగుళ్ళు తీస్తుంది. ఇంకొక్క మాట. అవిసెనూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూల పడెయ్యకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి నిలిచి నిప్పంటుకోవచ్చు. విప్పి, పరిచి, ఆరుబయట ఆరేశాక పారెయ్యండి.

మామిడిపళ్ళ రోజులు వచ్చాక ముందు పండుతో మొదలుపెట్టండి. అది కదలకుండా కూర్చుంటుంది, బొమ్మ నాలా లేదని పేచీ పెట్టదు. పిన్నిని తర్వాత కూర్చోబెట్టొచ్చు.